చిన్నతాత కార్డు: రోగం పోయింది, పుండు ఉండిపోయింది

ఈసారి స్క్రీన్ మీద రాజులు, కోటలు, శాసనాలు ఏవీ లేవు. ఒక కార్డు ఉంది. రంగు పోయి, మడత దగ్గర చిరిగిపోయింది. మా చిన్నతాతది, అంటే మా తాత తమ్ముడిది. పేరు, ఊరు ఉన్న చోట బ్లర్ చేశాను. కింద మూల ఎర్ర ఇంకుతో మూడు ఇంగ్లీషు అక్షరాలు ఉన్నాయి చూడండి. ఆర్, ఎఫ్, టీ. రిలీజ్డ్ ఫ్రమ్ ట్రీట్‌మెంట్. మందులు అయిపోయాయి, ఇక నువ్వు వెళ్ళొచ్చు అని దాని అర్థం. సంవత్సరం 1987.

ఆ కార్డు చేతికొచ్చిన 29 ఏళ్ళకి, 2016లో, ఆయన ఎడమ కాలు మోకాలి కింద నుంచి తీసేశారు. క్యాన్సర్. ఇంట్లో అందరూ "ఎముకల క్యాన్సర్" అనేవారు. నేనప్పుడు బీటెక్ థర్డ్ ఇయర్. పాదానికి క్యాన్సర్ ఏంటి అని ఫోన్‌లో కాసేపు వెతికి, అర్థంకాక వదిలేశాను. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి ఈ ఛానెల్ పెట్టాక ఆ కార్డు మళ్ళీ కనిపించింది. అప్పుడు కూర్చొని తవ్వాను. తవ్వేకొద్దీ శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల చరిత్రే బయటికొచ్చింది.

కార్డు ఏ రోగానిదో చెప్పలేదు కదా. కుష్ఠు. మా వైపు ఆ మాట నోటితో అనరు, పెద్దరోగం అంటారు.

1980ల మొదట్లో దేశంలో ఈ రోగం ఉన్నవాళ్ళు సుమారు 40 లక్షల మంది. శ్రీకాకుళం, విజయనగరం అప్పట్లో బాగా ఎక్కువ కేసులున్న జిల్లాలు. సాలూరులో మిషన్ వాళ్ళ ఫిలడెల్ఫియా లెప్రసీ ఆసుపత్రి ఉందంటే ఊరికే లేదు. (సాలూరు ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్ళింది, 2022 ముందు దాకా విజయనగరమే.) అంతకుముందు ఉన్న మందు ఒక్కటే, డాప్సోన్. ఏళ్ళ తరబడి, కొందరైతే జీవితాంతం మింగాలి. మధ్యలో మానేసేవాళ్ళు ఎక్కువ, మందుకి లొంగని క్రిములూ తయారయ్యాయి. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మూడు మందులు కలిపి ఇవ్వమంది. డాప్సోన్, రిఫాంపిసిన్, క్లోఫాజిమిన్. దాన్నే ఎండీటీ అంటారు. మన దేశంలో అది ముందు మహారాష్ట్రలో వార్ధా, బెంగాల్లో పురూలియా జిల్లాల్లో మొదలైంది. ఆ వెంటనే వచ్చిన జిల్లాల్లో మన రెండూ ఉన్నాయి. ఇది మన దగ్గర ఎంతమందికి తెలుసు? ఉత్తరాంధ్ర అంటే వలసలు, వెనకబాటు అనే మాట్లాడతారు. దేశంలో ఒక పెద్ద వైద్య కార్యక్రమం తొలి అడుగులు మన ఊళ్ళ మట్టిలో పడ్డాయి.

చిన్నతాత మందు తీసుకున్నది అప్పుడే. నెలకోసారి ఆరోగ్య కార్యకర్త ఎదురుగా మాత్ర మింగాలి, మిగతా రోజులవి ఇంటికిచ్చేవారు. క్లోఫాజిమిన్‌కి ఒళ్ళు నల్లబడుతుంది. "ఎండకి నల్లబడ్డాను" అని ఊళ్ళో చెప్పుకునేవాడట. రెండేళ్ళు దాటాక చర్మం గీతకి పరీక్ష చేసి, క్రిములు లేవని ఆర్ఎఫ్‌టీ రాసిచ్చారు. ఆ మాట నిజం. క్రిములు నిజంగానే పోయాయి. ఆయన వల్ల ఇంకెవరికీ రాదు. ప్రభుత్వ రిజిస్టర్‌లో ఒక పేరు తగ్గింది. దేశం మొత్తం మీద అలా కోటికి పైగా పేర్లు తగ్గుతూ వచ్చి, 2005 డిసెంబర్‌కి 10,000 మందికి ఒకరి కన్నా తక్కువకి దిగాం. విడిగా నడిచిన ప్రోగ్రామ్‌ని మామూలు పీహెచ్‌సీల పనిలో కలిపేశారు. ఇది చిన్న విజయం అనడానికి నాకు నోరు రాదు.

కానీ ఎండీటీ క్రిమిని చంపుతుంది. ఆ క్రిమి అప్పటికే చంపేసిన నరాన్ని బతికించలేదు.

చీలమండ లోపలి వైపు నుంచి అరికాలికి ఒక నరం దిగుతుంది. కుష్ఠు దాన్ని తినేస్తే అరికాలికి స్పర్శ ఉండదు. ముల్లు గుచ్చుకున్నా, చెప్పు కరిచినా, రాయి నొక్కినా తెలియదు. మనకి కాలిలో చిన్న రాయి పడితే నాలుగు అడుగుల్లో ఆగి దులుపుకుంటాం. నొప్పి తెలియని మనిషి సాయంత్రం దాకా దాని మీదే నడుస్తాడు. చిన్నతాత చేసిన పని కూడా అలాంటిదే. గోగు కట్టలు ఊరబెట్టిన చెరువులో గంటల తరబడి నిలబడి నార తీయడం. ఆ నీళ్ళ వాసన తెలిసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. 1990 ప్రాంతంలో బొటనవేలి కింద ఒక పుండు పడింది. అది మానేది, మళ్ళీ తెరుచుకునేది. నేను పుట్టక ముందు మొదలైన పుండు, నేను ఇంజనీరింగ్‌కి వెళ్ళే దాకా ఉంది.

చిన్నప్పుడు అడిగాను, "తాతా, నొప్పి లేదా?" అని. "నొప్పి నేదురా. నొప్పి నేని పుండు ఏటి సేస్తాది?" అన్నాడు. పొద్దున్నే గోరువెచ్చని నీళ్ళతో కడుక్కొని, పాత పంచె చింపి కట్టుకొని పనికి వెళ్ళిపోయేవాడు.

ఇక్కడ ఒక డాక్టర్ గురించి చెప్పాలి. పాల్ బ్రాండ్. తమిళనాడు కొల్లి కొండల్లో మిషనరీల ఇంట పుట్టి, ఇంగ్లండ్‌లో సర్జరీ చదివి, 1946లో వెల్లూరు సీఎంసీకి వచ్చాడు. అప్పటిదాకా అందరూ నమ్మింది ఏంటంటే, కుష్ఠు వస్తే మాంసం కుళ్ళిపోతుంది, వేళ్ళు రాలిపోతాయి, అది రోగం స్వభావం అని. బ్రాండ్ జాగ్రత్తగా చూస్తే వేరే విషయం తేలింది. ఆ మాంసం మన మాంసంలాగే మానుతుంది. పాదాన్ని ప్లాస్టర్‌లో పెట్టి బరువు పడకుండా చేస్తే పుండు మూసుకుంటోంది. నొప్పి తెలియక వాళ్ళు రోజూ దాన్ని మళ్ళీ గాయం చేసుకుంటున్నారు, అంతే. కొందరికి రాత్రికి రాత్రి వేళ్ళు మాయమవుతున్నాయంటే కాపలా కాసి చూశారు. ఎలుకలు కొరుకుతున్నాయి, నిద్రలో వాళ్ళకి తెలియడం లేదు. ఆ తర్వాత ఇళ్ళకి వెళ్ళే పేషెంట్లకి తోడుగా పిల్లిని ఇచ్చి పంపేవారు. నాకు ఈ మొత్తం చరిత్రలో మర్చిపోలేని బొమ్మ అదే.

మెత్తటి రబ్బరు అడుగుతో ఎంసీఆర్ చెప్పులు వచ్చింది కూడా ఈ పని నుంచే. లెప్రసీ ప్రోగ్రామ్ ఇప్పటికీ వాటిని పేషెంట్లకి ఉచితంగా ఇస్తుంది. చిన్నతాతకీ ఇచ్చారు. ఆయన వేసుకోలేదు. ఆ చెప్పు చూస్తే ఊళ్ళో అందరికీ తెలిసిపోతుంది కదా. హవాయి చెప్పులే వేసేవాడు.

ఆ సిగ్గుని తేలిగ్గా తీసుకోకండి. 1898లో బ్రిటిష్ వాళ్ళు చేసిన లెపర్స్ యాక్ట్ ప్రకారం ఈ రోగం ఉన్న బిచ్చగాణ్ణి పోలీసు వారెంట్ లేకుండా పట్టుకోవచ్చు. ఆ చట్టం రద్దయింది 2016లో. చిన్నతాత కాలు పోయిన ఏడాదే. భార్యకో భర్తకో ఈ రోగం ఉందని విడాకులు అడిగే వీలు 2019 దాకా చట్టంలో ఉంది. అలాంటి దేశంలో ఒక మనిషి తన పుండుని పంచె గుడ్డలో దాచుకుంటే ఆయన్ని తప్పుపట్టడం నా వల్ల కాదు.

ఇప్పుడు ఎముక సంగతికి వద్దాం. అరికాలి పుండుకి కింద రెండు వేళ్ళ మందం కూడా లేదు, ఎముకే. చీము లోపలికి దిగి ఎముకని పట్టుకుంటే దాన్ని ఆస్టియోమైలైటిస్ అంటారు. ఎముకలో ఒక ముక్కకి రక్తం అందక చచ్చిపోతుంది. ఆ చచ్చిన ముక్క లోపల ఉన్నంత కాలం చీము ఆగదు, మందులు దాని దాకా చేరవు. బయటికి ఒక సన్నటి దారి చేసుకొని రసి కారుతూనే ఉంటుంది. ఒకసారి కట్టు విప్పితే గుడ్డకి బియ్యపు గింజంత ఎముక ముక్క అంటుకొని వచ్చిందట. "పీడ బయటికొచ్చేసింది, ఇక మానిపోతాది" అనుకుంది చిన్నమామ్మ. నిజానికి నెల రోజులు మూసుకుంది కూడా.

ఆ సన్నటి దారి గోడల్లో ఏం జరుగుతుందో నా భాషలో చెప్తాను. చర్మానికి ఒకటే ప్రోగ్రామ్, గాయం అయితే కణాలు విడిపోయి కొత్తవి పుట్టి మూసేయాలి. మూసుకోగానే ఆగాలి. ఇక్కడ మూసుకోవడం లేదు. అంటే ఆగమనే కండిషన్ ఎప్పటికీ రాని లూప్ అన్నమాట. 5 ఏళ్ళు, 10 ఏళ్ళు, 25 ఏళ్ళు కాపీ మీద కాపీ. ఏదో ఒక కాపీలో తప్పు పడుతుంది. ఆ తప్పు పడిన కణం మాట వినదు, పెరుగుతూ పోతుంది, చుట్టూ ఉన్న ఎముకని తినేస్తుంది. ఇలా మారేది వందలో ఒకరిద్దరికే. కాబట్టి పాత పుండు ఉన్న ప్రతి ఒక్కరూ భయపడిపోవద్దు. కానీ ఆ ఒకరిద్దరిని పట్టుకోవడానికి చూస్తూ ఉండేవాళ్ళు కావాలి.

ఇది కొత్తగా కనిపెట్టింది కాదు. 1828లో పారిస్‌లో మార్జోలిన్ అనే సర్జన్ పాత మచ్చల్లో పుట్టే పుళ్ళ గురించి రాశాడు. 1830ల్లో లండన్‌లో సీజర్ హాకిన్స్ మచ్చల్లో పులిపిరుల్లా పెరిగే గడ్డల గురించి, ఏళ్ళ తరబడి చీము కారే ఎముకల దగ్గర వచ్చే క్యాన్సర్ గురించి చెప్పాడు. 1903లో అమెరికాలో డా కోస్టా అనే సర్జన్ దీనికి మార్జోలిన్ అల్సర్ అని పేరు పెట్టాడు. ఇప్పటికీ మన డాక్టర్లు అదే పేరు వాడతారు. పాపం హాకిన్స్‌కి ఏమీ మిగల్లేదు.

మరి ఇది "ఎముకల క్యాన్సరా"? మా ఇంట్లో వాళ్ళు అన్నది సగం కరెక్ట్. ఇది చర్మం కణాల నుంచి పుట్టి ఎముకలోకి దిగింది. స్క్వామస్ సెల్ కార్సినోమా అని రిపోర్ట్‌లో ఉంది. పాడైన ఎముకే నేరుగా క్యాన్సర్‌గా మారడం వేరే ఉంది. దానికి పాత కేసు 1876 నాటిది. లండన్‌లో జేమ్స్ పేజెట్ దగ్గరికి ఒకాయన 20 ఏళ్ళ పాటు వచ్చాడు. కాళ్ళ ఎముకలు వంగిపోతున్నాయి, తల పెద్దదైపోతోంది. టోపీ సైజు 22 అంగుళాలన్నర నుంచి 27 దాటిపోయింది. చివరికి ముంజేతి ఎముకలో గడ్డ లేచి చనిపోయాడు. ఆ జబ్బుకి పేజెట్ పేరే ఉంది. మన దేశంలో అరుదు. అది ఉన్నవాళ్ళలో కూడా క్యాన్సర్‌గా మారేది నూటికి ఒకరి కన్నా తక్కువ. ఎముకలోనే పుట్టే ఆ క్యాన్సర్‌ని ఆస్టియోసార్కోమా అంటారు. ఎక్కువగా టీనేజ్ పిల్లలకి వస్తుంది, వాళ్ళకి వచ్చేదానికి పాత జబ్బేమీ ఉండక్కర్లేదు. ఒకప్పుడు కాలు తీసేసినా పదిమందిలో ఇద్దరు కూడా మిగిలేవాళ్ళు కాదు. 1970ల నుంచి దానికి వాడుతున్న ముఖ్యమైన మందుల్లో ఒకటి మెథోట్రెక్సేట్. ఆ కుటుంబం మందులు పుట్టింది అమెరికాలో లెడర్లీ ల్యాబ్‌లో, మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి టీమ్ చేతుల్లో. ఆయన మీద ఫుల్ ఎపిసోడ్ ఉంది, చూడకపోతే చూడండి.

మళ్ళీ అరికాలికి. కుష్ఠు పుళ్ళలో ఈ క్యాన్సర్ గురించి మన దేశంలోనే మంచి పని జరిగింది. 1971లో హెచ్. శ్రీనివాసన్, కె.వి. దేశికన్ అనే ఇద్దరు డాక్టర్లు అరికాలి పుళ్ళలో కాలీఫ్లవర్‌లా లేచే గడ్డల మీద ఒక పేపర్ రాశారు, అమెరికాలో ఎముకల సర్జన్ల జర్నల్‌లో వచ్చింది. అందులో ముఖ్యమైన సంగతి, పైకి ఒకేలా కనిపించినా అవన్నీ క్యాన్సర్ కావు. కొన్ని ఉత్త చర్మం పొంగు. వాటిని చెక్కేసి, పుండు మానేలా చూస్తే చాలు. కొన్ని అసలు క్యాన్సర్. కంటితో తేల్చలేం. ముక్క తీసి పరీక్ష చేయాలి, అదీ పైపైన గీకితే సరిపోదు, అంచు నుంచి లోతుగా, ఒకటికి రెండు చోట్ల తీయాలి.

ఈ వాక్యం చదివినప్పుడు నేను ల్యాప్‌టాప్ మూసేసి బయటికి వెళ్ళిపోయాను. ఎందుకో చెప్తాను.

2015 దసరాకి ఇంటికి వెళ్ళినప్పుడు కట్టు మామూలు కన్నా లావుగా ఉంది. వాసన కూడా మారింది. రసి వాసన అందరికీ అలవాటే, ఇది వేరు. విప్పితే పుండు గుంటలా లేదు, పైకి లేచింది, ముట్టుకుంటే రక్తం వస్తోంది. దగ్గరున్న టౌన్‌లో ఒక క్లినిక్‌కి తీసుకెళ్ళారు. ఆయన ఆయింట్‌మెంట్ రాశాడు. అది అయ్యాక ఇంకోటి. మధ్యలో ఒకసారి పైన చెక్కి పరీక్షకి పంపారు, ఏమీ లేదని వచ్చింది. అందరం ఊపిరి పీల్చుకున్నాం. ఎనిమిది నెలలు అలా గడిచిపోయాయి. గజ్జల్లో ఉసిరికాయంత బిళ్ళ కట్టాక వైజాగ్ తీసుకెళ్ళారు. అక్కడ లోతుగా ముక్క తీశారు, ఎక్స్‌రే తీశారు. పాదంలో రెండు ఎముకలు సగం లేవు.

ఆ క్లినిక్ పేరు చెప్పను, అడగొద్దు. ఆయన చెడ్డవాడేం కాదు, ఫీజు కూడా తీసుకునేవాడు కాదు. కానీ 1971లో మద్రాసు పక్కన చెంగల్పట్టులో పనిచేసిన డాక్టర్లు రాసిన మాట 2015కి మా టౌన్ దాకా రాలేదు. లెప్రసీ పని మొత్తం విడిగా నడిచిన రోజుల్లో అరికాలు చూడడం ఒక ఉద్యోగం. ఊరూరా తిరిగే ఆ పాత కార్యకర్తలకి పుండు రంగు మారితే తెలిసేది. రోగం తగ్గింది, వాళ్ళూ తగ్గారు, చూసే కళ్ళు తగ్గాయి. పుళ్ళు మాత్రం వాటి లెక్కలో అవి 20 ఏళ్ళు, 30 ఏళ్ళు అని పెరుగుతున్నాయి. 1980ల్లో ఆర్ఎఫ్‌టీ అయినవాళ్ళ పుళ్ళకి ఇప్పుడే ఆ వయసు వస్తోంది.

చిన్నతాత విషయంలో అదృష్టం ఏంటంటే, గజ్జల్లో బిళ్ళ చీము వల్ల వాచింది, క్యాన్సర్ అక్కడికి పాకలేదు. పాదంలో పుట్టే ఈ రకం చాలావరకు నెమ్మదిగా పాకుతుంది. కాలు తీశాక ఐదేళ్ళు బతికాడు. కృత్రిమ కాలు పెట్టించాం, దానితో చెరువు గట్టు దాకా వెళ్ళొచ్చేవాడు. 2021లో నిద్రలో పోయాడు.

ఇదంతా పాత రోగం, మనకెందుకు అనుకునేవాళ్ళకి ఒక్క విషయం. పాల్ బ్రాండ్ 1966లో అమెరికా వెళ్ళి, లూసియానాలో కార్విల్ లెప్రసీ ఆసుపత్రిలో చేరాడు. అక్కడ గమనించింది ఏంటంటే, షుగర్ పేషెంట్ల పాదాలు అచ్చం ఇలాగే పాడవుతున్నాయి. నరం చచ్చిపోవడం, నొప్పి తెలియకపోవడం, అరికాలి పుండు, ఎముకకి చీము. ఇవాళ డయాబెటిక్ ఫుట్ క్లినిక్‌లో కాలికి వేసే ప్లాస్టర్, మెత్తటి చెప్పులు, రోజూ అరికాలు అద్దంలో చూసుకోమనే సలహా, ఇవన్నీ లెప్రసీ వార్డుల్లో నేర్చుకున్నవే. మన ఊళ్ళలో ఇప్పుడు ప్రతి వీధిలో షుగర్ ఉంది. మా నాన్నకీ ఉంది.

కాబట్టి ఇంట్లో ఎవరికైనా పాత పుండు ఉంటే, అది కుష్ఠుదైనా, షుగర్‌దైనా, ఎప్పుడో కాలు విరిగి చీము పట్టిందైనా, కాలిన మచ్చ మీద లేచిందైనా, దాని ఫోటో నెలకొకటి తీసి ఫోన్‌లో పెట్టుకోండి. పైకి లేస్తోందా, అంచులు గట్టిపడ్డాయా, వాసన మారిందా, ముట్టుకుంటే రక్తం వస్తోందా, ఇన్నాళ్ళూ లేని నొప్పి మొదలైందా. మారితే ఆ ఫోటోలు పట్టుకొని సర్జన్ దగ్గరికి వెళ్ళండి, "బయాప్సీ లోతుగా తీస్తారా?" అని అడగండి. అడిగితే కోప్పడే డాక్టర్ ఉంటే ఇంకో డాక్టర్ ఉంటాడు. చిన్నతాత పుండు ఫోటో మా దగ్గర ఒక్కటి కూడా లేదు. పెళ్ళి ఫోటోల్లో కూడా ఆయన కాళ్ళు కనపడకుండా వెనక నిలబడేవాడు.

సరే, వచ్చే వారం కూడా మన వైపు సంగతే. అడ్డపొగ. చుట్ట నిప్పుని నోటి లోపల పెట్టుకొని కాల్చే అలవాటు, దాని వల్ల అంగిలికి వచ్చే క్యాన్సర్. ఒక టీమ్ శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది నోళ్ళు తెరిపించి చూసి, 1971లోనే ఆ వివరాలు ప్రచురించింది, వాళ్ళలో అలా కాల్చేవాళ్ళు ఆడవాళ్ళే ఎక్కువ. మీ మామ్మలు, అమ్మమ్మలు ఎవరైనా అడ్డచుట్ట కాల్చేవాళ్ళుంటే వాళ్ళని అడిగి నాకు రాయండి, అసలు ఎందుకు మొదలుపెట్టారో. నాకు ఇప్పటికి నాలుగు రకాల సమాధానాలు వచ్చాయి, ఏ రెండూ కలవడం లేదు.